సింగపూర్ ట్రిప్‌లో పిట్టలు, సీతాకోకచిలుకలు: ఏ చెట్టు దగ్గర నిలబడాలో తెలిస్తే చాలు

సింగపూర్‌లో తెల్లారేది ఏడింటికి. ఈ మాట ముందే చెప్పకపోతే మీరూ నాలాగే మొదటిరోజు అయిదింటికి లేచి, ఇంట్లో అందరినీ లేపి తిట్లు తిని, చీకట్లో పార్కు బెంచీ మీద కూర్చుని దోమలు కొట్టుకుంటారు. భూమధ్యరేఖకి బాగా దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడవునా ఇంచుమించు ఏడింటికే సూర్యోదయం, ఏడింటికే అస్తమయం, పావుగంట అటూ ఇటూగా. పైగా వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది, అంటే అక్కడ ఏడైందంటే మన ఒంటికి ఇంకా నాలుగున్నరే. అందుకని మొదటిరోజు ఏమీ పెట్టుకోకండి. హాయిగా పడుకోండి, పిట్టలు ఎక్కడికీ పోవు.

ఇది ఎవరికోసమంటే, పిల్లలతోనో అమ్మానాన్నలతోనో నాలుగైదు రోజులు సింగపూర్ వెళ్లి, యూనివర్సల్ స్టూడియోస్, మెరీనా బే, ముస్తఫాలో షాపింగ్ అన్నీ మామూలుగా కానిచ్చుకుంటూ, మధ్యలో దొరికిన రెండేసి గంటల్లో కాసిని కొత్త పిట్టలు చూద్దాం అనుకునేవాళ్ల కోసం. భుజాన మూడు కిలోల లెన్సు వేసుకుని తిరిగేవాళ్లకి ఇందులో కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఏడువందల పైచిలుకు చదరపు కిలోమీటర్ల ఊరే అయినా అక్కడ ఇంతవరకు నమోదైన పక్షులు 400 రకాలకి పైనే, సీతాకోకచిలుకలు 300 రకాలకి పైనే. అన్నీ చూడాలనుకుంటే సెలవు కాస్తా డ్యూటీ అయిపోతుంది. మూడు పొద్దులు వెళ్తే ముప్పై నలభై రకాల పిట్టలు పెద్దగా కష్టపడకుండానే కనిపిస్తాయి, అది చాలు.

తిరగొద్దు, నిలబడండి

నేను మొదటిసారి చేసిన తప్పు నడవడం. పార్కులో ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు కిలోమీటర్లు నడిచాను, కనిపించినవన్నీ గోరింకలే. మర్నాడు కాలు నొప్పి పుట్టి ఒక మర్రి జాతి చెట్టు కింద కూలబడితే, అరగంటలో తొమ్మిది రకాలు అవే వచ్చిపోయాయి. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే, పిట్ట కోసం వెతకను, పిట్టకి పనిపడే చెట్టు కోసం వెతుకుతాను. పండ్లున్న చెట్టు, పూలున్న పొద, మోడుబారిన కొమ్మ, బదనిక పట్టిన చెట్టు. ఈ నాలుగూ గుర్తుపట్టగలిగితే చాలు, ఇవి పల్లెటూరి మూలాలున్న ఏ తెలుగువాడికైనా చిన్నప్పటి నుంచీ తెలిసినవే.

పండ్ల చెట్టుని తలెత్తి వెతకడం దండగ, నేల చూడండి. మర్రి, రావి, జువ్వి జాతి చెట్లు అక్కడ రోడ్ల పక్కన కూడా ఉంటాయి, కింద కాంక్రీటు మీద చిన్న చిన్న పండ్లు నలిగి మరకలు పడి ఉంటే పైన విందు జరుగుతున్నట్టే. అక్కడ ఆగి, అయిదు నిమిషాలు ఏమీ చేయకుండా ఆకుల్లోకి చూస్తూ ఉండండి. ముందు ఏమీ కనిపించదు, తర్వాత ఒక ఆకు కదిలి పావురం అవుతుంది. మగదానికి తల బూడిదరంగు, మెడ గులాబీ రంగు, రొమ్ము నారింజ రంగు, మిగతా ఒళ్లు చాలావరకు ఆకుపచ్చ, దీన్ని పింక్-నెక్డ్ గ్రీన్ పిజియన్ అంటారు. మన అడవుల్లో ఉండే పచ్చ పావురానికి చుట్టం. ఒకటి కనిపించిందంటే అదే చెట్టులో ఇంకో పది ఉంటాయి, కదలకుండా కూర్చోవడంలో వాటిని మించినవి లేవు. అదే చెట్టుకి ఎర్రకళ్ల నల్ల గోరింకలు గుంపుగా వచ్చి నానా గొడవ చేస్తాయి, దగ్గరనుంచి చూస్తే ఒళ్లు ఆకుపచ్చగా మెరుస్తుంది. వంగపండు పిట్ట వస్తుంది, పసుపుపచ్చ ఒంటికి కళ్ల మీదుగా తల వెనక్కి నల్ల పట్టీ కట్టుకుని. కోకిల వస్తుంది. అక్కడ కోకిలకి ఉగాదితో పనిలేదు, తెల్లవారకముందే మొదలుపెట్టి అపార్ట్‌మెంట్ల జనాల నిద్ర పాడుచేసి ఫిర్యాదులు కూడా తెచ్చుకుంటుంది. మనం కవిత్వాలు రాసుకునే గొంతు మీద వాళ్లు కంప్లైంట్లు రాస్తారు, ఏంచేస్తాం.

మోడు కొమ్మ సంగతి. ఎత్తైన చెట్టు చిటారున ఆకుల్లేని కొమ్మ ఏదైనా ఉంటే దాని కొసని చూసుకుంటూ పోండి. పురుగుల్ని గాల్లోనే పట్టుకునే పిట్టలన్నీ అలాంటి చోటే కూర్చుంటాయి. అక్కడ ముదురు రంగులో, పెద్ద తలతో, ఎర్రటి ముక్కుతో ఒకటి ఒంటరిగా కూర్చుని ఉంటే అది డాలర్‌బర్డ్, మన పాలపిట్ట కుటుంబమే. ఎగిరినప్పుడు రెక్కల్లో రెండు తెల్లటి గుండ్రటి మచ్చలు వెండి నాణేల్లా కనిపిస్తాయి, ఆ పేరు అందుకే. దసరాకి అక్కడ ఇరుక్కుపోయిన తెలంగాణ వాళ్లు పాలపిట్ట దొరకలేదే అనుకోకుండా దీనికి దండం పెట్టుకోవచ్చని మా తమ్ముడి వాదన. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో పెద్దల్ని అడగాలి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా అయితే అలాంటి కొమ్మల మీదే నీలితోక పసిరిక పిట్టలు వరసగా కూర్చుంటాయి, అవి వలస వచ్చేవి.

బదనిక గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పిట్టా సీతాకోకచిలుకా రెండూ ఒకే చోట దొరికేది అక్కడే. మన మామిడి చెట్లకి పట్టి రైతుల్ని విసిగించే బదనికలాంటిదే సింగపూర్ వీధి చెట్లకీ పడుతుంది. చెట్టు ఆకులన్నీ ఒక తీరుగా ఉండి, మధ్యలో ఒక గుబురు మాత్రం వేరే ఆకుతో, వేరే పచ్చదనంతో వేలాడుతుంటే అదే. దాని పండ్లు తినడానికి ఫ్లవర్‌పెకర్ అనే బొటనవేలంత పిట్ట వస్తుంది, నల్లటి మగదానికి నెత్తి నుంచి తోక దాకా వీపంతా ఎర్రటి చార. పండు లోపల గింజ బంకగా ఉంటుంది, పిట్ట విసర్జించినా ఊడదు, ఒళ్లు కొమ్మకి రుద్దుకుని వదిలించుకోవాల్సిందే. అలా ఆ గింజ ఇంకో కొమ్మకి అంటుకుని మొలుస్తుంది, అంటే ఆ పిట్ట తన తిండి తానే నాటుకుంటోందన్నమాట. ఇక అదే బదనిక ఆకుల మీద పెయింటెడ్ జెజెబెల్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది, రెక్కల అడుగున పసుపు, తెలుపు, కొసల్లో ఎరుపు. పైన ఎక్కడో ఎగురుతూ అందదు కానీ, పొద్దున్నే కాస్త చల్లగా ఉన్నప్పుడు పూల కోసం కిందికి దిగుతుంది.

పూల పొదలకి పెద్ద వివరణ అక్కర్లేదు. నూరువరహాలు, మందార, లాంటానా, అరటి ఆకుల్లాంటి ఆకులుండే హెలికోనియా, ఇవి ఏ పార్కులోనైనా ఉంటాయి. హెలికోనియా దగ్గర తేనెపిట్టలు ఖాయం. అందులో నిప్పుకణికలాంటి ఎర్రటి మగ క్రిమ్సన్ సన్‌బర్డ్ కనిపిస్తే పిల్లలకి చెప్పండి, సింగపూర్ జనం ఓట్లేసి తమ జాతీయ పక్షి అనుకుంటున్నది దాన్నేనని.

ఏ చోటికి వెళ్లాలి

ఒక్క చోటుకే టైముంటే బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లండి, ఇందులో నాకు రెండో మాట లేదు. 1859లో పెట్టిన తోట, 82 హెక్టార్లు, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెల్లవారుజాము అయిదు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. లోపల ఆర్కిడ్ గార్డెన్‌కి మాత్రం డబ్బు కట్టాలి, పిట్టల కోసమైతే అందులోకి వెళ్లనక్కర్లేదు. రైలు దిగడానికి రెండు స్టేషన్లున్నాయి. బొటానిక్ గార్డెన్స్ స్టేషన్ ఉత్తరం వైపు, నేపియర్ స్టేషన్ దక్షిణం వైపు టాంగ్లిన్ గేటుకి దగ్గర. ఒక స్టేషన్లో దిగి రెండో స్టేషన్లో ఎక్కేలా ప్లాన్ చేసుకుంటే నడిచిన దారినే మళ్లీ నడవక్కర్లేదు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది చాలా కలిసొస్తుంది.

ఉత్తరం గేటు నుంచి మొదలుపెడితే ముందు ఎకో లేక్ దగ్గర ఆగండి. ఈలబాతులు ఉంటాయి, గట్టున తెల్ల రొమ్ము నీటికోడి తోక ఎగరేస్తూ తిరుగుతుంది, లకుముకి పిట్ట ఉంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించే లకుముకి మనం ఇళ్ల దగ్గర చూసే గోధుమరంగు తల పిట్ట కాదు, నీలిరంగు వీపుతో మెడ చుట్టూ తెల్ల పట్టీ ఉన్న కాలర్డ్ కింగ్‌ఫిషర్. నీళ్ల దగ్గరే ఉండాలని దానికి పట్టింపు లేదు, అపార్ట్‌మెంట్ల మధ్య కూడా గోల చేస్తుంటుంది. దక్షిణం వైపు స్వాన్ లేక్‌లో హంసలుంటాయి, అవి తెచ్చి పెంచినవి, లెక్కలో వేసుకోకండి. మధ్యలో ఆరు హెక్టార్ల అడవి ముక్క ఉంది, తోటకన్నా పాతది, అందులోంచి చెక్క దారి ఉంటుంది. లోపల చీకటి, పిట్టలు వినపడతాయి తప్ప కనపడవు, కాబట్టి అడవిలోకి వెళ్లకుండా అడవి అంచున నిలబడండి. ఎండ పడే అంచుకే అన్నీ వస్తాయి. తోకకి రెండు పొడుగాటి తీగలు, వాటి చివర చిన్న జెండాలు వేలాడదీసుకుని ఎగిరే ఏట్రింతని, అదే డ్రోంగోని, నేను అక్కడే చూశాను.

అదే దారిలో కోడి కనిపిస్తే నవ్వి వదిలేయకండి. అది అడవికోడి, మన భీమవరం పందెం కోళ్లకి ముత్తాత, ప్రపంచంలో ఉన్న పెంపుడు కోళ్లన్నీ దాని సంతానమే. చెవి దగ్గర తెల్లటి మచ్చ, కాళ్లు బూడిదరంగు ఉన్నాయా చూడండి, అవి ఉంటే చాలావరకు అసలుదే, కాళ్లు పసుపుగా ఉంటే మాత్రం నాటుకోడి రక్తం కలిసిందని అనుమానించాలి. మా నాన్న దాన్ని చూసి, దీని వాటం చూడు, కాకి డేగరా ఇది అని పది నిమిషాలు అక్కడే ఆగిపోయారు. ఆ ట్రిప్ మొత్తంలో ఆయనకి నచ్చిన పక్షి అదొక్కటే.

దక్షిణం వైపు పచ్చికలో కంచె వేసి ఒక పెద్ద టెంబుసు చెట్టు ఉంటుంది, ఒక కొమ్మ నేలకి సమాంతరంగా సాగి ఉంటుంది. జేబులోంచి అయిదు డాలర్ల నోటు తీసి వెనక్కి తిప్పి చూడండి, ఆ చెట్టే.

రెండో పొద్దు ఎక్కడికన్నది నెలని బట్టి తేల్చుకోండి. సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే సుంగే బులో, మిగతా నెలల్లో వెళ్తే పులావ్ ఉబిన్.

సుంగే బులో అంటే ఉత్తరాన మలేషియాకి ఎదురుగా ఉన్న మడ అడవి, క్రాంజీ స్టేషన్ దగ్గర 925 బస్సు ఎక్కాలి, టికెట్ లేదు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. సైబీరియా వైపు నుంచి ఆస్ట్రేలియా దాకా వెళ్లే వలస పక్షులు దారిలో ఆగే మజిలీ ఇది. కోరింగ, పులికాట్ చూసినవాళ్లకి బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు) కొత్త కాదు, కానీ అక్కడ ఎక్కడో అర కిలోమీటరు దూరాన బురదలో చుక్కల్లా కనిపించేవి ఇక్కడ పిట్టలకి మనం కనపడకుండా కట్టిన చెక్క గదుల్లో కూర్చుని చూస్తే చాలా దగ్గరగా కనిపిస్తాయి. ఇక్కడ కిటుకు ఆటుపోట్లలో ఉంది. పోటు మీద బయటి బురద నేలలు మునిగిపోతాయి, అప్పుడు పిట్టలన్నీ నిలబడే చోటు కోసం లోపలి చెరువుల్లోకి వస్తాయి. కాబట్టి ఆరోజు పోటు ఎన్నింటికో ఫోన్లో చూసుకుని ఆ టైముకి అక్కడ ఉండండి. నేను ఒకసారి ఇది చూసుకోకుండా వెళ్లి ఖాళీ బురద ఫొటోలు తీసుకొచ్చాను. ఎర్రకాళ్ల కొంగల్లాంటివి కూడా కనిపిస్తాయి. ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లినవాళ్లు చూడగానే మనవే అంటారు కానీ తొందరపడొద్దు, వీటిలో చాలావరకు అక్కడి జూలో వదిలి పెంచిన కొంగలు ఇంకో జాతితో కలిసి పుట్టిన సంకరాలు. ఇక మొసళ్లు. నిజంగానే ఉన్నాయి, ఉప్పునీటి మొసళ్లు, వంతెన మీంచి చూడండి. ఉడుములు మాత్రం మనిషంత పొడవున్నవి దారికి అడ్డంగా పడుకుని ఉంటాయి, ఆగితే వాటంతటవే పోతాయి.

పులావ్ ఉబిన్ ఒక చిన్న దీవి. చాంగీ పాయింట్ రేవులో పాత చెక్క పడవ ఎక్కాలి, పన్నెండు మంది పోగైతే బయల్దేరుతుంది, మనిషికి నాలుగు డాలర్లు నగదు, కార్డు పనిచేస్తుందన్న ఆశ పెట్టుకోకండి. పది పదిహేను నిమిషాల్లో అవతలి గట్టు, అక్కడ సైకిళ్లు అద్దెకిస్తారు. నగరం అంతా ఒక పద్ధతిలో ఉంటే ఈ దీవి మాత్రం మన కోనసీమలో ఏదో లంకలా ఉంటుంది, కొబ్బరిచెట్లు, రేకుల ఇళ్లు, అరిచే కోళ్లు. ఇక్కడ చూడాల్సింది హార్న్‌బిల్. నలుపు తెలుపు ఒళ్లు, పెద్ద పసుపు ముక్కు, దాని మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు. 19వ శతాబ్దం మధ్యకల్లా సింగపూర్లో ఇవి కనుమరుగయ్యాయి, మళ్లీ 1994లో ఈ దీవిలోనే కనిపించాయి, తర్వాత చెట్లకి గూటి పెట్టెలు కట్టి నిలబెట్టుకున్నారు. ఆడపక్షి చెట్టు తొర్రలో కూర్చుని ఆ తొర్ర మూతిని మట్టితో మూసేసుకుంటుంది, మగపక్షి బయటినుంచి సన్నటి సందులోంచి పండ్లు అందిస్తుంది. రేవు దగ్గరి చెట్లలోనే వెతకండి, దూరం వెళ్లక్కర్లేదు. తర్వాత బటర్‌ఫ్లై హిల్ అని చిన్న గుట్ట ఉంది, సీతాకోకచిలుకల కోసమే మొక్కలు నాటి పెంచిన చోటు, తొమ్మిదిన్నర దాటాక అక్కడికి చేరండి. దారిలో వెదురు పొదల వైపు నుంచి చాలా కమ్మటి, గుండ్రటి పాట వినిపిస్తే ఆగి వినండి. గడ్డిరంగు తల పిగిలిపిట్ట అది, స్ట్రా-హెడెడ్ బుల్‌బుల్. ఆ గొంతు కోసమే జనం పట్టి పంజరాల్లో పెట్టి, చుట్టుపక్కల దేశాల్లో దాదాపు ఊడ్చేశారు, ఇప్పుడు అది గట్టిగా మిగిలిన కొద్ది చోట్లలో సింగపూర్ ఒకటి.

మిగతా చోట్ల గురించి రెండు ముక్కలు. గార్డెన్స్ బై ద బేకి ఎలాగూ వెళ్తారు, లైట్ల షో కోసం రాత్రి వెళ్లే బదులు సాయంత్రం అయిదింటికే చేరి నీటి అంచున నడవండి, నీటికుక్కల కుటుంబాలు కనిపించే అవకాశం ఉంది. మాక్‌రిచీలో చెట్ల పైనుంచి వేలాడే 250 మీటర్ల వంతెన ఉంది, బాగుంటుంది, కానీ అక్కడిదాకా వెళ్లి రావడం మంచి నడక, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వద్దు. ఇంక అందరూ అడిగేది బర్డ్ ప్యారడైజ్. పాత జురాంగ్ బర్డ్ పార్క్ 2023 జనవరిలో మూసేశారు, అదే ఏడాది మేలో మండాయ్‌లో ఇది తెరిచారు. పిల్లలకి నచ్చుతుంది, తీసుకెళ్లండి. కానీ అది జూ, అక్కడ పక్షిని చూడటం వేరు, మీరు నిలబడ్డ చెట్టుకి అది తన పనిమీద తాను రావడం వేరు.

సీతాకోకచిలుకలకి టైమింగ్ వేరు

పిట్టలకి ఏడు నుంచి తొమ్మిదిన్నర. సీతాకోకచిలుకలకి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కితే గానీ అవి ఎగరలేవు, అందుకని మీరు టిఫిన్ చేసే వచ్చినా నష్టం లేదు. మబ్బు పట్టిందంటే ఆకుల కిందకి పోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా వానలు ఎక్కువ, మిగతా నెలల్లోనూ మధ్యాహ్నం ఉరుములతో ఒక జల్లు మామూలే, కాబట్టి సాయంత్రానికి వాయిదా వేయకండి.

దగ్గరికెళ్లే పద్ధతి ఒకటుంది. పువ్వు మీద వాలగానే పరుగెత్తకూడదు, రెండు మూడు పూలు మారనివ్వండి, తాగడంలో పడ్డాక మెల్లగా కదలండి, మీ నీడ మాత్రం దాని మీద పడకూడదు. నీడ పడిందా, ఇక అంతే. ఫోన్ ముందే పైకెత్తి పట్టుకుని వెళ్లండి, దగ్గరికెళ్లాక చెయ్యి లేపితే ఎగిరిపోతుంది. లేదంటే అసలు కదలకుండా లాంటానా పొద పక్కనే నిలబడండి, వాటికి కొన్ని ఇష్టమైన పూలుంటాయి, ఎగిరినది తిరిగి అక్కడికే వస్తుంది. తడి ఇసుక, ఆరుతున్న బురద ఉన్నచోట కూడా చూడండి, ఉప్పు లవణాల కోసం మగవి గుంపుగా వాలి నీళ్లు పీలుస్తుంటాయి.

ఇక్కడ మనకి ఒక సౌకర్యం ఉంది. సింగపూర్ సీతాకోకచిలుకల్లో చాలా మన దొడ్లో ఎగిరేవే. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పిట్ట రెట్టలా కనిపించే గొంగళిపురుగుని చూసి పారేసి ఉంటారు, అది లైమ్ బటర్‌ఫ్లైగానో కామన్ మోర్మన్‌గానో మారేది. అక్కడా అంతే, అపార్ట్‌మెంట్ల కింద మనవాళ్లు కరివేపాకు పెంచుకునే చోటల్లా అవి తిరుగుతుంటాయి. జిల్లేడు ఉంటే ప్లెయిన్ టైగర్ ఉంటుంది, నారింజ రంగు, నల్ల అంచు, కొసల్లో తెల్ల చుక్కలు, జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టలకి చేదైపోయే రకం. హార్ట్‌పార్క్ (HortPark) అని అలెగ్జాండ్రా రోడ్డులో ఒక తోట ఉంది, పూల మొక్కలు దండిగా ఉంటాయి, అక్కడ ఒక గంట గడిపితే ఇవన్నీ ఒకేచోట తగలొచ్చు.

ఒక పజిల్ పిల్లలకివ్వండి. నల్ల రెక్కలు, వెనక రెక్కల్లో తెల్ల మచ్చలు, అంచున ఎర్ర మచ్చలు ఉన్న సీతాకోకచిలుక కనిపిస్తే అది కామన్ రోజ్ కావచ్చు, 2015లో ఓట్లు పెట్టి సింగపూర్ జాతీయ సీతాకోకచిలుకగా ఎంచుకున్నది. లేదా దాని వేషం వేసుకున్న ఆడ కామన్ మోర్మన్ కావచ్చు. రోజ్ ఈశ్వరి జాతి తీగ ఆకులు తిని పెరుగుతుంది, ఒంట్లో విషం, పిట్టలు ముట్టవు. మోర్మన్‌కి విషం లేదు, అందుకని ఆడవాటిలో కొన్ని ఆ రంగులు అరువు తెచ్చుకున్నాయి. రెక్కలు చూసి తేల్చలేరు, ఒళ్లు చూడండి. ఒళ్లు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మోర్మన్. ఇది నేర్చుకుని వచ్చాక మా అమ్మాయి హైదరాబాద్‌లో మా వీధిలోనే రెండింటినీ పట్టేసింది.

అదే ఈశ్వరి తీగల దగ్గర అదృష్టం ఉంటే బర్డ్‌వింగ్ కూడా కనిపిస్తుంది, నలుపు, పసుపు రెక్కలు, అరచెయ్యంత. ఎగిరేటప్పుడు పిట్ట అనుకున్నాను నేను.

సామాను, జాగ్రత్తలు

బైనాక్యులర్స్ కొంటే 8×32 లేదా 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, తీసుకోండి. పదిరెట్లు చూపించేది ఇంకా గొప్పదని షాపువాడు అంటాడు, చెయ్యి వణుకు కూడా పదిరెట్లు కనిపిస్తుంది. ఇంకో మాట అడగండి, రెండు మీటర్ల దూరంలో ఉన్నది కూడా స్పష్టంగా చూపిస్తుందా అని. అది చూపిస్తేనే సీతాకోకచిలుకలకి పనికొస్తుంది. ఫోన్లో మెర్లిన్ యాప్ వేసుకుని, ఆ ప్రాంతపు పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి. కూత విని పిట్ట పేరు చెప్తుంది, అయితే అది చెప్పినదల్లా నమ్మేయకుండా పిట్టని కళ్లతో చూశాకే లెక్కలో వేసుకోండి. సీతాకోకచిలుకల పేర్లకి ఐనేచురలిస్ట్ అనే యాప్‌లో ఫొటో పెడితే సరిపోతుంది. కూతల రికార్డింగులు ప్లే చేసి పిట్టల్ని పిలవడం మాత్రం వద్దు, గూడు వదిలి కొట్లాటకొస్తాయి పాపం. నీళ్ల సీసా, గొడుగు, దోమల క్రీము తప్పనిసరి, డెంగీ అక్కడా ఉంది.

ఊరంతా తిరిగే గోరింకలు మన గోరింకలు కావు, చూసుకోండి. మనదానికి గోధుమరంగు ఒళ్లు, కంటి చుట్టూ పసుపు చర్మం. అక్కడిది బూడిద నలుపు, కంటి చుట్టూ ఏమీ ఉండదు, దాన్ని జావా గోరింక అంటారు. ఎప్పుడో బయటినుంచి వచ్చి ఊరంతా ఆక్రమించింది. లిటిల్ ఇండియాలో ఇడ్లీ తింటుంటే పక్క టేబుల్ మీదకి వచ్చి నిలబడుతుంది, ముక్క వేయాలనిపిస్తుంది, వేయకండి. సింగపూర్లో అడవి జంతువులకి, పక్షులకి, చివరికి పావురాలకి తిండి పెట్టడం కూడా నేరం, మొదటిసారి దొరికినా 5,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. పావురాలకి గింజలు వేయడం పుణ్యం అనుకునే పెద్దవాళ్లు వెంట ఉంటే విమానం ఎక్కకముందే ఒకటికి రెండుసార్లు చెప్పండి. కోతులున్న చోట చేతిలో క్యారీ బ్యాగ్ కనిపించకూడదు. మా జంతికల పొట్లం అలాగే పోయింది, తీసుకున్న కోతి చెట్టెక్కి తాపీగా ఒక్కొక్కటే విరుచుకు తిన్నది, మేం కింద నిలబడి చూశాం.

తిరుగు ప్రయాణంలో చాంగీ విమానాశ్రయంలో టెర్మినల్ 3 లోపల సీతాకోకచిలుకల తోట ఉంది, 2008 నుంచీ. ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్తూ అక్కడ విమానం మారేవాళ్లకి కూడా ఇది దొరుకుతుంది, ఇమ్మిగ్రేషన్ దాటాక లోపలి వైపు ఉంటుంది కాబట్టి సాగనంపడానికి వచ్చినవాళ్లు చూడలేరు. అవి పెంచినవే, కానీ చాలా దగ్గరగా చూడొచ్చు, ప్యూపాలు వేలాడదీసిన చోట నిలబడితే ఒక్కోసారి రెక్కలు విప్పుకుంటూ బయటికి రావడం కనిపిస్తుంది. పగటి విమానమైతే గంట ముందే లోపలికి వెళ్లిపోండి. రాత్రి విమానమైతే వెళ్లినా పెద్దగా ఏమీ ఉండదు, అన్నీ ఆకుల కింద రెక్కలు ముడుచుకుని నిద్రపోతుంటాయి.